బంపరుకు కట్టిన నిమ్మకాయలు

నా కోపం ముక్కు మీదనే ఉంటదని మా అమ్మ ఎప్పుడూ అంటది. నిజమే. ఆటోవాడు ఒక్క రూపాయి ఎక్కువడిగినా గల్లి మొత్తం వినవడేటట్టు కొట్లాడుత. గని ఆ రోజు మేనేజర్ క్యాబిన్ల రావాల్సిన కోపం రాలే. వచ్చుంటె ఇదంత రాసే పనే లేకపోవు.

విదేశీ కార్ల షోరూంల ఏడేండ్లు సర్వీస్ అడ్వైజర్‌గ చేసిన. బండి సర్వీసుకొస్తె ఎదురువోవాలె, బాధేందో వినాలె, ఎంతైతదో రాసి సంతకం తీసుకోవాలె, అదీ నా పని. మా ఇల్లు చిక్కడపల్లిల, కూరగాయల మార్కెట్ వెనక గల్లి. పొద్దున పది రూపాయల కొత్తిమీరకు బేరమాడి, పదకొండింటికల్లా లక్ష రూపాయల ఎస్టిమేట్ మొహం మారకుంట చెప్పుడు నాకు అలవాటైపోయింది.

మొదట్ల నేను గుడ అందరి లెక్కనే అనుకున్న, అంత పెద్ద బండి అమ్మితె వీళ్లకు ఎంత మిగులుతదో అని. మిగిలేది తక్కువే. కొనేటాయన ఇంకో షోరూం రేటు తెచ్చి ముందట పెడ్తడు, డిస్కౌంట్ అడుగుతడు, ఇన్సూరెన్స్ ఫ్రీ అంటడు. అద్దాల బిల్డింగుకు కిరాయి, రోజంత ఏసీ, కాఫీ మిషను, మా అందరికీ కుట్టిచ్చిన కోట్లు, అన్నీ పోంగ చేతిల పడేది కొంచమే. మా మేనేజర్ అంటుండె: "బండి అమ్ముడు పెండ్లి అసోంటిది మేడం, పెండ్లిల అందరికీ ఖర్చే. సర్వీసు కాపురం. మనం బతికేది కాపురం మీద."

అట్లని బిల్లు పెద్దగున్నదంటె దొంగ బిల్లని కాదు. ఆ బండి బాధేందో తెలుసుకోవాలంటె దానికి వేరే మిషనుండాలె, ఆ మిషను చదివెటోనికి ట్రైనింగ్ ఇయ్యాలె, ఒక్క ప్లాస్టిక్ మూత పగిలితె సముద్రం దాటి రావాలె. కస్టమర్లు నన్ను తిడ్తుంటె ఇదంత ఓపికగ చెప్తుంటి, అబద్ధం చెప్తలేనని నాకే ధైర్యంగుండె. నిజమైన పది లైన్ల నడుమ ఒక్క అబద్ధం లైన్ ఉంటె మాత్రం బయటోళ్లకు దొరకదు. రాసినోళ్లకు ఒక్కళ్లకే తెలుస్తది.

ఇగ అక్క సంగతి. అశోక్‌నగర్ల ఆడపిల్లల హాస్టల్ నడిపేటామె. డిగ్రీ అయినంక రెండేండ్లు నేను గ్రూప్స్ పరీక్షల కోసం అక్కడి లైబ్రరీల కూసోని చదివిన, పగటీలి ఆమె మెస్సుల తిన్న. పాలమూరు నుంచి మొగనితోటి మట్టి పనికొచ్చిన మనిషి. కట్టే బిల్డింగుల కాడ కూలోళ్లకు వండుకుంట వండుకుంట మెస్సు పెట్టింది, మెస్సు కాడికెళ్లి హాస్టల్, ఒకటి కాస్తా మూడయినయ్. నేను లైబ్రరీల లేటయితె నా ప్లేటు మీద మూత పెట్టి ఉంచుతుండె. "తిను బిడ్డా, కడుపుల పడకుంటె చదివింది నిలవది" అంటుండె. నాకు సర్కార్ నౌకరి రాలే. షోరూంల చేరినంక మిఠాయి డబ్బ పట్టుకపోతె మా ఇంట్లోళ్లకన్న ఆమెనే ఎక్కువ సంబురపడ్డది.

మూడో హాస్టల్ నిండినంక ఆమె సెకండ్ హ్యాండ్ల పెద్ద కారు కొన్నది. ఇప్పుడెందుకక్కా అంటె నవ్వింది. "ఇటుకల తట్ట నెత్తి మీద పెట్టుకోని రోడ్డు దాటుతుంటె ఇసోంటి బండ్లోళ్లు పీం పీం అని హారన్ కొట్టి తరుముతుండె. ఒక్కసారన్న లోపట కూసోని చూడాలె గదనే" అన్నది. పూజ చేపిచ్చింది, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిచ్చింది, ముంగట బంపరు జాలికి నిమ్మకాయ మిరపకాయల దండ ఇనుప తీగెతోటి గట్టిగ బిగించి కట్టింది. ప్రతి శనివారం కొత్త దండ. అందరు ఒక్క నిమ్మకాయ కడ్తె, నా మీద కండ్లు ఎక్కువున్నయని ఆమె ఐదు కట్టింది.

నెల తిరగలే, నారాయణగూడ చౌరస్తాల బండిల ఎర్ర లైటొచ్చి ఒకటే మొత్తుకునుడు. డ్రైవర్‌ను తీసుకోని సీదా మా షోరూంకొచ్చింది. అందరు నన్ను మేడం అని పిలిచే ఆ అద్దాల హాలుల, ఈ కొసకెళ్లి ఆ కొసకు వినవడేటట్టు "బిడ్డా!" అని పిలిచింది. సోఫాల కూసున్న కస్టమర్లు తలెత్తి చూసిన్రు. నాకు జర సిగ్గయింది. ఇప్పుడు చెప్పుకోనీకె ఇంకా సిగ్గయితున్నది, గని ఆ రోజు సిగ్గయిన మాట నిజం.

పావుగంటల మెకానిక్ వచ్చిండు. "ఏం లేదు మేడం. జాలి వెనక సెన్సార్ ఉంటది గదా, ముందట బండి ఎంత దూరమున్నదో చూసేది. నిమ్మకాయలు సరిగ్గ దానికి అడ్డంగ వేలాడుతున్నయ్. దండ తీసి తుడిచిన, లైట్ పోయింది" అన్నడు. నాకు నవ్వాగలే. అదే నవ్వుతోటి మేనేజర్ క్యాబిన్లకు పోయి చెప్పిన. ఆయన నవ్వలే.

"నెలాఖరు. నీ టార్గెట్ చూసుకున్నవా? సెన్సార్ మార్చేయ్. పాత బండి, ఎట్లన్న ఒకనాడు పోయేదే గదా" అన్నడు.

కోపం రావాలె గదా? రాలే. ముందు నెల టార్గెట్ తప్పితె మీటింగుల అందరి ముంగట నన్ను లేపి నిలవెట్టిండు. మళ్ల అట్ల నిలవడుడు నాతోని కాదనిపిచ్చింది. అంతకన్న పెద్ద కారణం ఉన్నదని చెప్పుకుంటె బాగుండు, గని లేదు.

బయటికొచ్చి "సెన్సార్ పోయిందక్కా, మార్చాలె" అన్న. ఎంతైతదని గుడ అడగలే. "చదువుకున్న పిల్లవు, నీకు తెల్వదా" అనుకుంట ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది.

షోరూంల ఇంకో పద్ధతుండె. బండ్ల మీది దేవుని దారాలు, దండలు పని కోసం తీస్తె కవర్ల భద్రంగ పెట్టి, బండి ఇచ్చేముందు ఎక్కడియక్కడ కట్టాలె. ఒకసారి ఎవరిదో దండ పారేస్తె పెద్ద లొల్లయింది, అప్పటి సంది ఆ పని అడ్వైజర్లదే. సాయంత్రం అక్క చూస్తుండంగనే ఆ ఐదు నిమ్మకాయల దండ నేనే కట్టిన. అదే జాలికి, అదే తీగెతోటి, అదే జాగల. కట్టకుంటె ఏమైందని అడుగుతది, అడిగితె చెప్పాలె. చెప్పలేక కట్టిన.

ప్రతి శనివారం కొత్త దండ గదా, అది సెన్సార్‌కు అడ్డం పడ్డప్పుడల్లా లైట్. రెండు వారాలకు మళ్ల వచ్చింది. ఈసారి వైరింగ్ చెకింగ్, సెట్టింగ్ అని బిల్లయింది. మూడోసారి ఇంకేదో రాసిన. ప్రతిసారి దండ తీసుడు, బిల్లు చేసుడు, దండ కట్టుడు. ఆమెకేమో దిష్టి ఇంకా పోలేదనిపిచ్చి ఐదు కాయలు ఏడయినయ్, ఏడు తొమ్మిదయినయ్. కాయలు పెరిగినకొద్ది లైట్ ఎక్కువొస్తుండె. తిన్నింటి వాసాలు లెక్కవెట్టుడంటరు చూడు, నేను చేసింది అదే.

ఆర్నెల్లయింది. ఒక ఆదివారం చిక్కడపల్లి మార్కెట్ల నిమ్మకాయల బండి కాడ కలిసింది. మనిషి గుంజుకపోయింది.

"బండి అమ్మేస్తున్న బిడ్డా. మంగళవారం బేరమోళ్లొస్తున్రు, సగం ధరకడుగుతున్రు. పోనీ."

"ఎందుకక్కా?"

"అచ్చిరాలే. మొక్కని దేవుడు లేడు. తట్ట మోసిన మనిషి ఏసీల కూసుంటె పైనోడే ఓర్వలేడేమో. లోపట కూసున్నప్పుడల్లా ఆ లైట్ ఏమంటదో తెలుసా? దిగు, దిగు అంటది." కాయలు ఏరుడు ఆపి నా చెయ్యి పట్టుకున్నది. "నువ్వు మాత్రం నాకోసం ఎంత తిరిగినవ్ బిడ్డా. నీ రుణం ఉంచుకోను."

చెయ్యి విడిపిచ్చుకోని ఇంటికొచ్చిన. అమ్మ అన్నం పెడ్తె తినలే.

సోమవారం లీవ్ పెట్టి, పగటీలి అశోక్‌నగర్ పోయిన. కారు హాస్టల్ ముంగట ఉన్నది. కింద కూసోని తీగె విప్పిన, తొమ్మిది కాయల దండ తీసి పక్కన పెట్టిన, నా చున్నీతోటే జాలి తుడిచిన. అక్క బయటికొచ్చి "ఏం చేస్తున్నవే?" అన్నది. జర కూసో అక్కా, చెప్త అని ఎక్కిచ్చి, డ్రైవర్‌ను బండి తీయమన్న. నారాయణగూడ చౌరస్తా దాక పోయి తిరిగొచ్చినం. మళ్ల ఇంకో రౌండ్ కొట్టినం. లైట్ రాలే. ఆమె ఆ లైటొచ్చే జాగనే చూసుకుంట కూసున్నది.

హాస్టల్ ముంగట దిగినంక చెప్పిన. సెన్సార్ మంచిగనే ఉండె అక్కా. దండ అడ్డమయింది, అంతే. నాకు మొదటి రోజే తెలుసు.

లోపట మెస్సుల పిల్లల ప్లేట్ల చప్పుడయితున్నది. నా కండ్లల్ల నీళ్లొచ్చినయ్. "బిల్లులన్నీ నేను కడ్త అక్కా, కొంచెం కొంచెం కడ్త" అన్న.

"పైసలెవరడిగిన్రు?" అన్నది. గొంతు లేవలే. "పైసలు పోతె మళ్ల వస్తయ్. ఆర్నెల్ల సంది నా నసీబే ఖరాబని ఏడ్చిన. పొద్దున లేస్తె నన్ను నేనే తిట్టుకున్న, నీకెందుకే ఈ సోకులు అని. నీకు తెలుసు. తెలిసి గుడ నా ముంగటనే ఆ దండ కట్టినవ్."

నేను తల దించుకున్న. ఆమె డ్రైవర్ దిక్కు తిరిగి, "రేపు బేరమోళ్లను రావద్దని ఫోన్ చెయ్యి" అని లోపటికి పోయింది. నేను పోవాల్నా, ఉండాల్నా తెల్వక గుమ్మం కాడనే నిలవడ్డ.

కాసేపటికి ప్లేటు పట్టుకోని వచ్చింది. అన్నం, పప్పు, బెండకాయ కూర, పక్కకు గిన్నెల పెరుగు. ఆకలితోటి వచ్చిన మనిషిని ఆమె ఎన్నడు ఒట్టిగ పంపలే. నన్ను గుడ పంపదలుచుకోలే. బెంచీ మీద పెట్టి, నా మొహం చూడకుంట అన్నది.

"తినండి మేడం. చల్లారితె బాగుండది."