ఎవరూ కూర్చోకూడని బెంచీ

మనవాడు డిజైన్ చదువుతున్నాడు. ఏం డిజైన్ అని అడిగితే మాత్రం తిన్నగా చెప్పలేడు. మొదటి ఏడాది ఎవరడిగినా "మనిషికీ వస్తువుకీ మధ్య జరిగే సంభాషణ" అనేవాడు. అడిగినవాళ్ళు మళ్ళీ అడిగేవాళ్ళు కాదు. వరసకి బాబాయి ఒకాయన మాత్రం "అంటే బొమ్మలేస్తావా?" అన్నాడు. ఆయనతో ఇప్పటికీ మాటల్లేవు.

చదువు వాడికి బుర్ర కంటే ముందు బట్టల్లోకి ఎక్కింది. ఉన్న చొక్కాలన్నీ పక్కన పడేసి నల్లవి కొన్నాడు. పవరు లేని గుండ్రటి కళ్ళజోడు తగిలించాడు. అక్కడితో ఆగినా బాగుండేది, ఇంటి మీద పడ్డాడు. వంటింట్లో రంగురంగుల డబ్బాలు కంటికి గోలగా ఉన్నాయని అన్నీ తీసేసి, ఒకే ఎత్తు తెల్ల డబ్బాలు వరసగా పేర్చి, మూతల మీద లేత బూడిద రంగులో సన్నటి అక్షరాలు అంటించాడు. చూడ్డానికి వంటిల్లు ఆస్పత్రిలా ప్రశాంతంగా తయారైంది. కళ్ళజోడు లేకపోతే వాళ్ళమ్మకి ఆ అక్షరాలు కనపడవు. పెట్టుకుంటే పొయ్యి మీద ఆవిరికి అద్దాలు మసకబారి అసలేమీ కనపడదు. అప్పట్నుంచీ వాళ్ళ నాన్న టీలో ముందు చెంచా ముంచి, నాలిక మీద ఓ చుక్క వేసుకుని, పడింది పంచదారేనని తేల్చుకున్నాకే తాగుతాడు. అంత జరిగినా ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పిల్లాడు ఏదో పెద్ద చదువు చదువుతున్నాడు, మనకి తెలీదులే అనుకున్నారు.

నాన్న బట్టల షాపులో సేల్స్‌మన్. కొనేవాళ్ళు ఉన్నా లేకపోయినా పొద్దున షాపు తెరిచినప్పట్నుంచి సాయంత్రం డ్యూటీ దిగేదాకా నిలబడే ఉండాలి, కూర్చుంటే బేరం రాదని వాళ్ళ ఓనరు నమ్మకం. అమ్మది దానికి తలకిందులు. కుట్టుమిషను ముందు కూర్చుంటే లేవడానికి కుదరదు, లేద్దామంటే నడుము ఒప్పుకోదు. అక్క కొరియర్ ఆఫీసులో చేస్తుంది. ఆ ఇంట్లో నోరున్నది ఆవిడొక్కదానికే, అదీ తమ్ముడి దగ్గరికొచ్చేసరికి కాస్త సర్దుకుంటుంది.

చివరి ఏడాది ప్రాజెక్టు మనవాడు కిందటేడే ఒకసారి తప్పాడు. ఇంట్లోవాళ్ళ మూడ్‌ని బట్టి రంగు మారే దీపం చేస్తానని బయల్దేరి, ఏ మూడ్‌కైనా ఒకే పసుపు రంగులో వెలిగే దీపం చేసి పెట్టాడు. ఈసారి కూడా తప్పితే కాలేజీ రూలు ప్రకారం మూటాముల్లె సర్దుకోవడమే, డిగ్రీ మాట మర్చిపోవాలి. ఇంట్లో ఈ సంగతి తెలుసు. తెలిసి, తెలియనట్టు ఉంటున్నారు.

అలాంటి సమయంలో కాలేజీకి ఒక షాపింగ్ కాంప్లెక్స్ మేనేజరు వచ్చాడు. చక్కగా దువ్విన తల, ఇస్త్రీ నలగని చొక్కా, మర్యాదగా మాట్లాడే మనిషి.

"మా కాంప్లెక్స్ ముందు బస్టాపుంది. బెంచీలు వెయ్యాలని రూలు. వేశాం. వేస్తే జనం కూర్చుంటున్నారు," అన్నాడు బాధగా.

"బెంచీ వేస్తే కూర్చోరా సార్?" అన్నాడు మనవాడు.

"కూర్చోవాలి. కూర్చుని లేవాలి కూడా కదా. బస్సులు వస్తుంటాయి, పోతుంటాయి, వీళ్ళు కదలరు. ముసలాళ్ళు, పనీపాటా లేనివాళ్ళు, పనికెళ్ళొచ్చి సోలిపోయేవాళ్ళు. షాపు ముందు కళే పోతోంది. మేం లెమ్మంటే గొడవ. ఆ మాటేదో బెంచీయే చెప్పాలి, సుతారంగా. పావుగంట తిరక్కుండా ఎవరికి వాళ్ళే లేచిపోవాలి. ఎందుకు లేచారో వాళ్ళకి కూడా తెలియకూడదు."

పక్కన మనవాడి ప్రాజెక్టు చూసే మేడం తల పంకించి, "ఇంటరెస్టింగ్ ప్రాబ్లమ్," అంది. చేయకూడని పని ఎదురైనప్పుడు ఆ కాలేజీలో వాడే మాట అది.

రెండో ఏడాది మనవాడు "డిజైనర్ బాధ్యత" అని పెద్ద వ్యాసం రాశాడు. వస్తువు బలహీనుడి పక్షాన నిలబడాలని అందులో అక్షరాలా ఉంది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి, నాలుగు రోజులు ఎవరు కనపడినా చదివి వినిపించాడు. ఇప్పుడా వ్యాసం గుర్తొచ్చి వాడి రక్తం మరగాల్సింది. కానీ వాడికొచ్చిన ఆలోచన స్కెచ్ పుస్తకం ఎక్కడ పెట్టానా అని.

దాన్నే ప్రాజెక్టుగా తీసుకుని ప్రాణం పెట్టి చేశాడు. కూర్చునే చోటు ముందుకి కాస్త వాలేలా గీశాడు, కంటికి తెలియనంత. మధ్యలో చిన్న మిట్ట, అందంగా, అలలా. వీపు ఆనించే పట్టీ ఎక్కడ ఆనాలో అక్కడ కాకుండా సరిగ్గా దానికి బెత్తెడు కింద. వెల్డింగ్ షాపులో చేయించి, బూడిద రంగు వేయించి, ముందుగదిలో టీవీకి ఎదురుగా దింపాడు. చూసి అమ్మ మురిసిపోయింది.

"దీని మీద రోజూ సాయంత్రం కాసేపు కూర్చోండి. మామూలుగా కూర్చోండి, నేను పట్టించుకోను," అని చెప్పి, పట్టించుకోవడానికి అలమరలో ఫోను నిలబెట్టి వీడియో ఆన్ చేశాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. ముందే చెబితే ఫలితం పాడవుతుందని పాఠంలో ఉంది. పైగా అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి "మీరు ఎంత త్వరగా లేస్తే అంత మంచిది" అని చెప్పడానికి నోరెలా వస్తుంది?

మొదటి సాయంత్రం ముగ్గురూ కూర్చున్నారు. అమ్మ చొక్కాలకి గుండీలు కుడుతోంది, నాన్న వార్తలు చూస్తున్నాడు, అక్క మధ్యలో. వార్తలు అయిపోయాయి. వాతావరణం అయిపోయింది. తర్వాత జుట్టు నూనె గురించి ఎవరో ఆపకుండా మాట్లాడారు, అది కూడా అయిపోయింది. ఒక్కరూ లేవలేదు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు మనవాడు.

"హాయిగా ఉందిరా."

వాడి ముఖం మాడిపోయింది. తల్లి మెచ్చుకుంటే ఏడుపొచ్చిన కొడుకు ఆ వీధిలో వాడొక్కడే అయి ఉంటాడు. మర్నాడు వెనక కాళ్ళ కింద ఇనప బిళ్ళలు వేసి వాలు పెంచాడు. సాయంత్రం మళ్ళీ ముగ్గురూ కూర్చున్నారు. నాన్న ఈసారి రెండు చేతులతో అంచు పట్టుకుని, "ఇదిగో, ఇప్పుడు ఇంకా బాగుంది," అన్నాడు. మనవాడు మిట్ట ఎత్తు చేయించాడు. అక్క "భలే కుదిరిందిరా, ఎముకలకి ఎక్సర్‌సైజు," అంది, పళ్ళు బిగబట్టి. పట్టీ ఇంకాస్త కిందికి దించాడు. ముగ్గురూ ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు బిగుసుకుని, నవ్వుతూ, అలమర వైపే చూస్తూ కూర్చున్నారు.

ఇంతకంటే వంచితే అది బెంచీ కాదు, జారుడుబల్ల. తన చేతకానితనానికి వాడు కుమిలిపోయాడు. మనుషుల్ని ఇబ్బంది పెట్టడం కూడా చేతకాని వెధవనా నేను అని అన్నం సరిగా తినలేదు. వాడు తినకపోవడం చూసి ఇంట్లోవాళ్ళు మర్నాడు ఇంకో అరగంట ఎక్కువ కూర్చున్నారు.

వారం తిరక్కుండా అమ్మ మంచం ఎక్కింది. నడుము పట్టేసి పక్కకి కూడా తిరగలేకపోయింది. ఆ సాయంత్రం వేడినీళ్ళ సంచీ నింపుతూ అక్క వంటింట్లో వాణ్ణి పట్టుకుంది.

"ఇంకెన్నాళ్ళురా ఆ దిక్కుమాలిన బెంచీ మీద?"

"బాగుందన్నావుగా."

"అమ్మ ఆర్డరు. ఎవరు ముందు లేచినా తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడు, వాడి చదువంతా దీని మీదే ఉంది, లేవకండి అని. నాన్న కాళ్ళు నేలకి తన్నిపెట్టి కూర్చుంటున్నాడు జారిపోకుండా. నేను ఆ గుట్ట మీద. నువ్వెప్పుడైనా కూర్చున్నావా దాని మీద?"

మనవాడు గీశాడు, కొలిచాడు, రంగేశాడు, పక్కనుంచి చూసి మురిసిపోయాడు. కూర్చోలేదు. కూర్చోవాలన్న ఆలోచనే రాలేదు.

"అక్కా, అది ఎవరూ ఎక్కువసేపు కూర్చోకుండా ఉండటానికి చేసింది," అన్నాడు. కాంప్లెక్స్ సంగతీ మేనేజరు సంగతీ మొత్తం చెప్పాడు.

అక్క సంచీ మూత బిగించడం ఆపి వాడి ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు.

"అయితే నీకేం భయం లేదు. బస్టాపులో ఎవరికీ నువ్వు కొడుకువి కాదుగా. కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచిపోతాడు. బ్రహ్మాండంగా పనిచేస్తుంది నీ బెంచీ."

"అమ్మానాన్నలకి చెప్పకు."

"నేనెందుకు చెబుతాను? ఆ ఘనకార్యం నువ్వే చెప్పుకో."

ఇక్కడ మనవాడికి జ్ఞానోదయమైందని రాస్తే బాగుంటుంది. కాలేదు. వాడికి ముందు కలిగింది సంతోషం. బెంచీ పనిచేస్తోంది, తను దద్దమ్మ కాదు. ఆ సంతోషం మర్నాటి పొద్దుటిదాకా నిలిచింది. పొద్దున అమ్మ గోడ పట్టుకుని బాత్రూమ్ వైపు నడుస్తూ, మధ్యలో ఆగి, వాణ్ణి చూసి, "ఏం లేదులే, సాయంత్రానికి కూర్చోగలను," అంది. వాడు ముందుగదిలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికే తొడలు లాగాయి. వాడు లేచాడు. వాడికి లేచే వీలుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

అప్పుడైనా మగాడిలా ఫోను తీసి ఈ పని నేను చెయ్యనని మేడంకి చెప్పొచ్చు. డిగ్రీ పోతుంది. కాబట్టి వాడొక తెలివైన ఉపాయం ఆలోచించాడు. మేడం, మేనేజరు కలిసి ప్రాజెక్టు చూసే రివ్యూ రోజు ఆ వీడియోలే చూపిస్తాడు. జనం గంటల తరబడి నవ్వుతూ కూర్చున్న వీడియోలు. మేనేజరు పనికిరాదని వెళ్ళిపోతాడు, కష్టపడ్డాడని మేడం పాస్ మార్కులు వేస్తుంది. పుణ్యమూ దక్కుతుంది, డిగ్రీ కూడా దక్కుతుంది. బెంచీ గీసినప్పుడు కూడా వాడి బుర్ర ఇంత చురుగ్గా పనిచేయలేదు.

రివ్యూ మూడో అంతస్తులో. గది మధ్యలో బెంచీ, తెర మీద అమ్మ, అక్క, నాన్న అంచు పట్టుకుని నవ్వుతున్నారు.

"క్షమించాలి సార్, ఫెయిలైంది. చూశారుగా, ఎవరూ లేవట్లేదు," అన్నాడు మనవాడు, దిగులు ముఖం బాగానే పెట్టి.

"అదేంటి, చూడ్డానికి ఇంత బాగుంది," అని మేనేజరు వెళ్ళి దాని మీద కూర్చున్నాడు. ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. ఒకసారి సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు. మేడంతో మాట్లాడుతూ తనకి తెలియకుండానే లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక తెలిసింది. ముఖం వెలిగిపోయింది.

"ఇదే బాబూ. అచ్చంగా ఇదే. వీడియోలో వాళ్ళెవరోగానీ మొండివాళ్ళు. డ్రాయింగులు ఇవ్వు, వచ్చే నెలకల్లా వేయించేస్తాం."

మనవాడి ఉపాయాలన్నీ అయిపోయాయి. వ్యాసంలో ఇలాంటి సందర్భానికి మంచి వాక్యాలే రాసుకున్నాడు, ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఇవ్వను సార్."

"ఏం, ఎందుకు?"

"మా అమ్మకి నడుము పట్టేసింది."

"అయ్యో పాపం. డాక్టరుకి చూపించారా?"

"దీని మీద కూర్చునే పట్టేసింది."

"మా దగ్గర అంతసేపు ఎవరు కూర్చుంటారు? లేచిపోతారుగా," అన్నాడు మేనేజరు ఓర్పుగా. "నువ్వివ్వకపోతే ఇంకొకరిస్తారు బాబూ."

"ఇస్తారు సార్. నేనివ్వను."

మేడం వాణ్ణి పక్కకి పిలిచింది. "డ్రాయింగులు ఇస్తేనే ప్రాజెక్టు పూర్తయినట్టు. లేకపోతే నేనేమీ చెయ్యలేను, నీకు తెలుసు."

"తెలుసు మేడం. రెండో ఏడాది వ్యాసానికి మీరే మార్కులు వేశారు."

"రాసిందానికి వేశాను. రాయడం వేరు నాన్నా," అంది. ఆవిడ కోపంగా అనలేదు, ఆవిడా ఎప్పుడో రాసే ఉంటుంది.

అంతే. గొప్పగా ఏమీ జరగలేదు. చప్పట్లు లేవు, తలుపు దబాలున వేసుకుని వెళ్ళిపోయే అవకాశమూ లేదు, ఎందుకంటే బెంచీ తీసుకెళ్ళాలి. ఎక్కడ పట్టుకోవాలో తెలియని వస్తువుని గీసింది వాడే. మెట్ల మలుపు మలుపుకీ గోడకి గుద్దుకుంటూ, కనపడినవాణ్ణల్లా ఒక చెయ్యి వెయ్యమని బతిమాలుతూ, కిందికి దించేసరికి నల్ల చొక్కా సున్నం కొట్టుకుని తెల్లగా అయింది.

గేటు దగ్గర నాన్న షాపువాళ్ళ ట్రాలీ ఆటోతో నిలబడి ఉన్నాడు. ఆ పూటకి సెలవు పెట్టి వచ్చాడు.

"ఏమన్నార్రా?"

"పోయింది నాన్నా."

నాన్న జేబురుమాలు తీసి బెంచీ మీద అంటిన సున్నం తుడిచాడు.

"మంగళవారం షాపునుంచి ఫోనొస్తే మధ్యలో లేచాను. వీడియోలో పడే ఉంటుంది. దానివల్లేమైనా..."

"కాదు నాన్నా."

"మీ అమ్మ అప్పుడే అంది, లేవకుండా ఉండాల్సింది అని."

వాడింక ఆగలేకపోయాడు. కాంప్లెక్స్ సంగతి, వాలు సంగతి, ఇనప బిళ్ళల సంగతి, ఇందాక ఇవ్వనన్న సంగతి అన్నీ చెప్పేశాడు. డిగ్రీ ఇక రాదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ నాన్న కాళ్ళ వైపే చూశాడు, ముఖంలోకి చూసే ధైర్యం లేక.

"అంటే కూర్చున్నవాళ్ళకి నొప్పెట్టాలనే చేశావా దాన్ని?"

"అవును నాన్నా."

"తొడలు లాగడం, లేచేటప్పుడు మోకాళ్ళు పట్టెయ్యడం, అదంతా బెంచీదేనా?"

"బెంచీదే."

నాన్న ట్రాలీ అంచుకి ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

"నేను వయసైపోయిందనుకున్నాన్రా. ఇంతకాలం నిలబడ్డవాణ్ణి కాసేపు కూర్చోలేకపోతున్నానేంటా అని. ఇక నావల్ల కాదు, స్టాకు గదిలోకి మార్చమని ఓనర్ని అడుగుదామని కూడా అనుకున్నా. మీ అమ్మకి చెప్పలేదు."

అని చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. డిగ్రీ గురించి ఇంటికెళ్ళాక మాట్లాడుకుందామన్నాడు. బెంచీకి ఒక కొస పట్టుకుని, వాడు వంగేలోపే దాన్ని ట్రాలీ అంచు మీదికి ఎత్తి, "నెట్టు," అన్నాడు.