చెవిమిషను పట్టుకొని అమీర్‌పేటకు

జనగామల పొద్దుగాల ప్యాసింజరు బండి ఎక్కిన. అంగీ జేబుల నా భార్య బాలమణి చెవిమిషను ఉన్నది. మాటను పట్టే డబ్బా అగ్గిపెట్టె కంటె జర పెద్దది, అందులకెల్లి చెవిదాకా ఒక సన్న వైరు. ఆ వైరు గుచ్చేకాడ లోపల అతుకు ఊడింది. అది చిన్న పనే. పెద్ద పని చేసింది నేను.

నేను కలాయి పెట్టెటోన్ని. ఇత్తడి గిన్నెల లోపల తగరం పూసుడు నా పని. ఊడినదాన్ని నేనే అతికిద్దామని డబ్బా ఇప్పిన. తగరం పట్టేటందుకు గిన్నెకు చల్లినట్టే నవాసాగరం ఉప్పు చల్లి, తగరం కరిగించి పెట్టిన. మస్తు మెరిసింది. మిషను పలికింది సుత. నాలుగొద్దులకు పచ్చగ చిలుమెక్కి మూగవోయింది.

ఇంకో సంగతి చెప్పకుంటె ఎందుకు పోయిన్నో మీకు తెల్వది. బాలమణికి జ్వరమొచ్చి చెవులు పోయినయి. ఆమెకు చదువొచ్చు, నాకు రాకపోయేది. ఆమెతోని మాట్లాడేటందుకే నేను రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్న. పలక మీద రాసి చూపెట్టేటోన్ని. మిషను వచ్చినంక పలక మూలకు పడ్డది. ఇప్పుడు షుగరుకు చూపు సుత పోయింది. అరచేతిల రాద్దామంటె ఆమె చేతులకు తిమ్మిరి, నా వేళ్లు నిప్పుకు మొద్దువారినయి. ఇగ ఆ సన్న వైరొక్కటే తొవ్వ. మిషను మూగవోయినకాడికెల్లి ఆమె ఊకె "ఉన్నవా?" అంటది. నేను భుజం మీద చెయ్యేస్త.

పట్నం పోతున్నా అని ఆమెకు చెప్పే దారి లేదు. చెప్పకుండనే వచ్చిన. పక్కింటి యాదమ్మను దగ్గర కూసోబెట్టిన. నా తువ్వాల బాలమణి ఒళ్లె పెట్టిన. దానికి నా బొగ్గువాసన ఉంటది.

బండిల ఎదురుంగ పూలగంపతోని ఒకామె కూసున్నది. "ఏందన్నా అది, రేడియోనా?" అన్నది.

"నా పెండ్లాం చెవి."

"పట్నంల చెవులు సుత రిపేరు చేస్తరా! మా ఆయినెవి సుత తీస్కపోవాలె. ఎంత మొత్తుకున్నా ఇనడు."

బండిల ఉన్నోళ్లంత నవ్విండ్రు. నేను సుత నవ్వి, కిటికీ దిక్కు తిరిగిన.

పదింటికి సికింద్రాబాదుల దిగి, చాయ తాగి, సిటీ బస్సెక్కిన. మీరు పోయేదుంటే ఎండెక్కకముందే పోండ్రి. బేగంపేట కాడ బస్సు నడిచేటిది తక్కువ, నిలవడేటిది ఎక్కువ. పంజగుట్టల అద్దాల తలుపుల దుకాణం, అంత చెవిమిషన్లే. లోపల చలి. "ఇది పాత మోడలు సార్, బాగుకాదు. చెవి వెనకాల పెట్టుకునే కొత్తది తీసుకోండి" అన్నడు కౌంటరు కాడి పిలగాడు. ధర ఇని లేచిన. తలుపుకాడి వాచ్‌మన్ నా మొఖం చూసి, "అమీర్‌పేటకు పో పెద్దమనిషీ. ఆడ కంప్యూటర్ల ప్లేట్లే అతికిస్తున్నరు, గిదెంత?" అన్నడు.

ఆడికి బస్సెందుకు, నడిస్తె అయిపోతది. అమీర్‌పేటల గోడ కనవడదు, బోర్డులే. అన్ని కోర్సుల పేర్లు. ఆగి ఒక్కొక్కటి కూడబలుక్కొని చదువుతుంటె, కాగితాలు పంచే పిల్ల నాకు సుత ఒకటి చేతుల పెట్టింది. "తాతా, హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా?"

"రిపేరు, బిడ్డా."

నవ్వి మూడో అంతస్తు చూపెట్టింది.

ఆడ కంప్యూటర్ల రిపేరు నేర్పే గది. నేర్పేటామె పేరు వరలక్ష్మి, కోస్తా మనిషి. డబ్బా ఇప్పి భూతద్దం కింద పెట్టింది.

"ఏంటి బాబాయ్ గారూ, ఇందులో ఉప్పు పోశారా?"

"నవాసాగరం."

"ఎవరండీ ఆ మహానుభావుడు?"

"నీ ముంగటనే ఉన్నడు."

నాలిక కర్చుకున్నది. "గిన్నెకైతే పని అయ్యాక కడిగేస్తారు. దీన్నెలా కడుగుతారండీ? మిగిలినదంతా లోపల రాగిని తినేసింది."

నిజమే. ఇన్నేండ్ల పనిల కడగని గిన్నె ఒక్కటి ఇయ్యలే. దీన్ని కడగాలన్న సోయి రాలే.

ఆమె స్పిరిటుతోని చిలుము తుడిచింది. తగరం పట్టేటంత రాగి అతుకుకాడ మిగల్లేదు. లోపలి ప్లేటు మీద కరెంటు పారే రాగిగీత జర దూరంల బాగున్నకాడ పైరంగు గీకింది. పాత వైరుకెల్లి ఒక్క పోగు లాగి, ఆడికెల్లి వైరు గుచ్చే గూటికున్న ఇనుప కాలు దాకా వంతెన లెక్క వేసి, రెండు కొసలు అతికించింది. వెంట్రుకంత పోగు. కదలకుండ మీద గమ్ము చుక్క పెట్టింది.

"కింద మిగిలిన ఉప్పు రాగిని ఇంకా తింటూనే ఉంటుంది బాబాయ్ గారూ. ఎన్నాళ్లు పలుకుతుందో చెప్పలేను. మళ్లీ పోతే అతకడానికి రాగి ఉండదు." డబ్బా నా చేతిల పెట్టి, "చెవిలో పెట్టుకుని మాట్లాడి చూడండి" అన్నది.

ఇంట్ల పిలిచినట్టే గట్టిగ "బాలమణీ" అన్న. తలకాయల సుత్తె పడ్డట్టయ్యింది. వైరు గుంజేసిన.

"ఇంట్లో ఇలాగే మాట్లాడతారా?"

"ఇట్లనే."

నేను మాట్లాడినప్పుడల్లా బాలమణి డబ్బా మీద కొంగు కప్పేది. దుమ్ము పడకుండ కప్పుతున్నదనుకునేటోన్ని.

కిందికి దిగి మెస్సుల అన్నం తిన్న. పప్పు బాగున్నది. సగం ఇడిచిపెట్టిన.

మళ్ల ప్యాసింజరు బండి. ఆలేరు దాటినంక మిషను చెవుల పెట్టుకున్న. చక్రాల మోత, పల్లీలమ్మేటోని కేక, నా అంగీ రాపిడి, అన్ని ఒక్కతీరుగ మీద పడ్డయి. ఇన్నేండ్లు ఆమె ఇన్నది గిదే. డబ్బా నోటికాడ పెట్టుకొని మెల్లగ ఒక మాట అన్న. ఇంక మెల్లగ అన్న.

పక్కాయన చూసి, "ఎవలతోని మాట్లాడుతున్నవు పెద్దాయనా?" అన్నడు.

"ఇంకా ఎవలతోని మాట్లాడలే. నేర్చుకుంటున్న."

పట్నంల ఏం చూసినవంటె, వెంట్రుకంత రాగిపోగు చూసిన. అది ఉన్నన్నొద్దులు చెప్పాల్సినయి శాన ఉన్నయి. మొదలు ఒక్కటే చెప్త. పొద్దటికెల్లి ఆమె ఉన్నవా అని ఎన్నిసార్లు అడిగిందో, భుజం మీద యాదమ్మ చెయ్యి పడితె ఏమనుకున్నదో. జనగామ వచ్చేదాక అదే మాట, గొంతు తగ్గించుకుంట, తగ్గించుకుంట అన్న:

"ఉన్న."