చెయ్యి అడ్డం లేని నవ్వు

కుముదినికి నవ్వొస్తే ముందు చెయ్యి లేస్తుంది, నవ్వు ఆ తర్వాతే బయటికొస్తుంది. మద్రాసు పెరంబూరు రైల్వే క్వార్టర్సులో వాళ్లవ్వ చేసిన అలవాటది. "ఆడపిల్ల ఈడ నవ్వితే ఆడ ఇనపడగూడదే" అనేది అవ్వ. ఇప్పుడా పిల్ల రోజూ పార్కు స్టేషనులో రైలు మారి కోడంబాక్కం వెళ్తోంది, ఒక స్టూడియోలో డబ్బింగ్ నేర్చుకోవడానికి. తెర మీద కదిలే పెదాలకు గొంతు కలపాలి. అదేం విచిత్రమో, ఏడుపు ఇట్టే పట్టుబడింది. నవ్వుతోనే చిక్కంతా. మైకు ముందు కూడా చెయ్యి లేచేది, నవ్వు దుప్పటి కప్పుకుని దగ్గినట్టుండేది. సౌండు చూసే కన్నియప్పన్ అద్దాల గదిలోంచి తల బయటపెట్టి, "ఎన్నమ్మా, మైకుకి నవ్వు కావాల, చెయ్యి కాదు!" అనేవాడు. చివరికి ఉపాయం ఆమే కనిపెట్టింది. రెండు చేతుల్లోనూ నిండు కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడింది. తెర మీద రాకుమారి నవ్వింది, కుముదినీ నవ్వింది. కాఫీ తొణికి చీరంతా తడిసింది గానీ, నవ్వు మాత్రం గది చివరి గోడదాకా వెళ్లింది.

ఆ సినిమా పెరంబూరు టాకీసుకు వచ్చినప్పుడు, ఏ గొంతు తనదో చెప్పకుండా అవ్వను తీసుకెళ్లింది. రాకుమారి నవ్వగానే అవ్వ మనవరాలిని మోచేత్తో పొడిచి, "నవ్వంటే అట్టుండాలే! కొత్త బిందె మోగినట్టు ఎట్ట నవ్విందో చూడు" అంది. కుముదినికి నవ్వు ఆగలేదు. లేవబోయిన చెయ్యి మళ్లీ ఒళ్లో పడింది. అదే నవ్వు పక్క కుర్చీలోంచి వినిపించేసరికి అవ్వ ఒకసారి తెర వైపు, ఒకసారి మనవరాలి వైపు చూసి, తన నవ్వుకు తానే చెయ్యి అడ్డం పెట్టుకుంది.