మామిడిపండు మీదికి ఒక మాత్ర

మా వైపు షుగరున్న మనిషి మామిడిపండు తినాలంటే ఒక ఉపాయం ఉంది. తినేసి, ఇంకో మాత్ర ఎక్కువ వేసుకోవడం. సొంత మాత్ర దగ్గర లేకపోతే పక్కనున్న వాళ్ళదైనా సరే. చిత్తూరు దగ్గర తోటలో నాయన పండు తిన్నాక, ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, చొక్కా జేబులోంచి తన మాత్ర తీసిచ్చాడు. నాయనకు కిడ్నీలు దెబ్బతిన్నాయని తిరుపతి డాక్టరు మాన్పించింది సరిగ్గా ఆ మాత్రనే. ఆ సంగతి చిన్నాయనకు అంతకుముందే చెప్పిందీ నేనే.

నేనక్కడ లేను. అమ్మ వద్దన్నదట. "కిడ్నీకీ దీనికీ ఏం సంబందం వదినా? ఏసుకో అన్నా, ఏం కాదు," అన్నాడట చిన్నాయన. తమ్ముడి మాట కాదనలేక నాయన మింగాడు.

వడమాలపేటలో మా ఇంటికొచ్చేసరికి నాయనకు ఒళ్ళంతా చెమట, మాట తడబాటు. చక్కెర నీళ్ళు తాగిస్తే తేరుకున్నాడు, కాసేపటికే మళ్ళీ వాలిపోయాడు. తిరుపతి ఆసుపత్రికి ఎత్తుకుపోయాం. "కిడ్నీలు బాగుంటే మందును బయటికి పంపేస్తాయి. ఈయనకు అది ఒంట్లోనే నిలిచిపోయి షుగరును దించుతూనే ఉంటుంది. ఒకసారి లేచి కూర్చున్నాడని ఇంటికి పంపలేం," అన్నాడు డాక్టరు. మర్నాటి దాకా గ్లూకోజు ఎక్కించారు. నాయన బతికాడు.

చిన్నాయనేమో చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. "మా అన్నకు నోరు కట్టుకునేది రాదు. మామిడిపండ్లు మెక్కి పడిపోయినాడు." నేనెంత మొత్తుకున్నా ఆయన మాటే నెగ్గింది. నలుగురూ తన విస్తరి వైపు చూసి నవ్వుతారని నాయన పెళ్ళిళ్ళకు పోవడమే మానేశాడు. చిన్నాయన నాకు దొరక్కపోతాడా అని కాచుకున్నాను.

దొరికాడు. "పాపా, నాకూ కిడ్నీ దెబ్బతినిందంట. మీ నాయన మందులు నువ్వే సూస్తా ఉండావు గదా, నేనేసుకునే మాత్ర మంచిదేనా?" అని ఫోను. ఎంత సంతోషమేసిందో చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. పట్టనీ చెమటలు, తెలిసొస్తుంది అనుకున్నాను. కానీ ఆయన చచ్చిపోతే, చేసింది ఒప్పుకునే మనిషే ఉండడు కదా!

"ఇప్పుడే డాక్టరు దగ్గరికి పో. మాత్రలన్నీ ఎత్తుకొని పో. ఏది ఆపాల్నో, ఏది తగ్గించాల్నో ఆయప్పే చెప్తాడు. పోయొచ్చినాక, మా నాయనకు నువ్వేం చేసినావో చుట్టాల ముందర చెప్పాల," అన్నాను.

తిరుచానూరులో పెళ్ళికి నాయనను బలవంతంగా లాక్కెళ్ళాను. భోజనాల దగ్గర చిన్నాయన మొహం మాడ్చుకుని లేచి నిలబడ్డాడు. "మా అన్న పడిపోయింది తిండివల్ల కాదు. డాక్టరు మాన్పించిన మాత్ర నేనే మింగించినాను," అని గొణిగాడు.

నాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కళ్ళు తుడుచుకుని, "సరేలేరా, కూచో," అన్నాడు.

నేను కూర్చోనివ్వలేదు. అవతలి వరుసలో మా మేనత్త, "ఏమంటా ఉండాడు?" అని పక్కనామెను అడుగుతోంది.

"ఇంకోసారి చెప్పు చిన్నాయనా, గట్టిగా," అన్నాను.