పిడికెడు బువ్వ

మొన్న దవాఖానాలో నర్సమ్మ నా వేలు గుచ్చి చూసి, షుగర్ ఉందని చెప్పి, చదువు రానిదాన్ని కదా, తెలియాలని ఒక చిన్న స్టీలు గిన్నె చేతికిచ్చి చూపించింది. పూటకు ఈ గిన్నెడు అన్నం తినొచ్చట, కూర, పప్పు ఎక్కువ పెట్టుకోవాలట. తలూపి వచ్చాను గానీ, ఆటోలో ఇంటికి చేరేదాకా ఆ గిన్నే కళ్లముందు ఉంది.

మేము తెలంగాణ నుంచి మహారాష్ట్రలోని సాస్తి బొగ్గుగనికి వచ్చినవాళ్లం. ఇంటింటికీ కలర్ టీవీలు, కొట్ల నిండా రంగురంగుల బిస్కెట్ పొట్లాలు కొత్తగా దిగుతున్న ఆ రోజుల్లోనే మా ఆయనకు షుగర్ అన్నారు. చంద్రపూర్ డాక్టరు రోజూ జొన్నరొట్టె తినమన్నాడు. నా ఈడువాళ్లకు తెలుసు, మన ఇళ్లలో ఎన్ని రొట్టెలు తిన్నా చివరకు అన్నంలో చేయి పెట్టకపోతే తిన్నట్టు కాదు. ఆయన రెండు రొట్టెలను మందులా మింగి, ఆ వెనుక ఎప్పటిలా పళ్లెం నిండా అన్నం తినేవాడు. మందు పడిందిలే అని నేను ఇంకో గరిటె వేసేదాన్ని. రొట్టె తింటున్నావా అని డాక్టరు అడిగితే తింటున్నాననేవాడు. అబద్ధమేమీ కాదు.

బూటు ఒరుసుకుని కాలివేలికి పడ్డ పుండు ఎంతకీ మానలేదు. ఒక మధ్యాహ్నం తోడుకు మజ్జిగ అడగడానికి వచ్చిన పక్కింటి మరాఠీ ఆమె ఆయన పళ్లెం చూసి నోరు నొక్కుకుంది. "అయ్యో అక్కా, బువ్వ జాగల రొట్టె తినాలె, రొట్టె మీదికెల్లి బువ్వ కాదు!" అని మా మాటలోనే అంది.

ఆ భయానికి మర్నాటి నుంచి నేను బియ్యమే కడగలేదు. "ఏందే, నన్ను మరాఠోన్ని జేస్తున్నవా?" అని మొదట్లో నవ్వేవాడు, తర్వాత తర్వాత ఆ నవ్వూ మానేశాడు. అప్పటికే ఆలస్యమైంది, వేలు తీసేశారు, కిడ్నీలు పాడయ్యాయి. మంచం పట్టాక ఒకరోజు, "చారు పోసి పిడికెడు బువ్వ పెట్టరాదే," అన్నాడు. "మంచిగైనంక పెడ్త, సప్పుడు జెయ్యకుండ రొట్టె తిను," అని గదిమాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ అడగలేదు, మంచిగా కాలేదు.

ఇప్పుడు కొలత చేతికిచ్చి చూపించేవాళ్లు ఉన్నారు. అప్పుడు మాకు కొలత చెప్పినవాళ్లు లేరు, అడగాలని నాకు తోచలేదు. ఈ రోజు ఒక్కదాన్నే కూర్చుని, ఇంట్లో ఉన్న అలాంటి గిన్నెనే తీసి నిండా అన్నం పెట్టుకుని చారు పోసుకున్నాను. ఆయన అడిగిన పిడికెడు కంటే అది ఎక్కువే ఉంది.