తిన్నాకే కొలత

టేపక్క కుట్టు దుకాణంలో అద్దం పక్కన ఒక అట్టముక్క వేలాడుతుంటుంది. దాని మీద నీలం సిరాతో రెండే మాటలు: "భోంచేసి రండి." కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి, పొరపాటున హోటల్లోకి వచ్చామేమోనని వెనక్కి వెళ్ళి బయటి బోర్డు మళ్ళీ చదువుకుంటారు. పొరపాటేమీ లేదు, అది కుట్టు దుకాణమే. మేడమెట్ల కింద పన్నెండడుగుల గది, రెండు మిషన్లు, ఒక కోత బల్ల, గోడల నిండా మేకులకు వేలాడే గౌన్లూ చొక్కాలూ. ఆ అట్టముక్క అక్కడ ఉండటానికి కారణం ఉంది. పొద్దుట్నించీ కడుపు మాడ్చుకుని వచ్చి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని కొలతలిచ్చేవాళ్ళను టేపక్క కోకొల్లలుగా చూసింది. అలా ఇచ్చిన కొలతకు కుట్టిన బట్ట అద్దం ముందు ఐదు నిమిషాలు బాగానే ఉంటుంది. మనిషి కూర్చుని నాలుగు ముద్దలు తినేసరికి గుండీలు లబోదిబోమంటాయి. మాట పడేది మాత్రం దర్జీ.

అందుకని ఆవిడ ఎవరినీ వదలదు. "తిన్నారా?" అని అడుగుతుంది. లేదంటే, "తిని రండి, నేనెక్కడికీ పోను" అంటుంది. ఒకసారి కోర్టులో టైపు కొట్టే ఆవిడ, తీరిక లేదని క్యారియరు పట్టుకునే వచ్చి, కోత బల్ల మూల కూర్చుని మూడు గిన్నెలూ ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "ఇప్పుడు కొలవండి" అంది. టేపక్క ఆవిణ్ణి నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి కొలిచింది. టేపు కింద రెండు వేళ్ళు దూర్చి, ఆ వేళ్ళ మందం లూజు వదిలింది. అంకె పైకి చదవకుండా పుస్తకంలో రాసుకుంది. పైకి చదవకపోవడం ఆవిడ మర్యాద. ఆ టేపు మెడలో వేసుకునే నిద్రపోతుందని వీధిలో వాళ్ళ నమ్మకం, ఆ పేరు అలా వచ్చిందే.

ఆవిడకు ఇంకో పట్టుదల కూడా ఉంది. కొందరు తాము రాకుండా ఆది పంపుతారు. అంటే తమకు సరిపోయే పాత బట్ట ఒకటి పంపి, దీనికే కుట్టమంటారు. "ఈ ఆది ఎప్పటిది?" అని అడుగుతుంది టేపక్క. మూడేళ్ళనాటిదో నాలుగేళ్ళనాటిదో అయితే మడతపెట్టి తిరిగి ఇచ్చేస్తుంది. "ఇందులో ఉన్న మనిషి వెళ్ళిపోయిందమ్మా. ఇప్పుడున్న మనిషిని పంపండి" అంటుంది. ఆ మాటకు నవ్వనివాళ్ళు లేరు.

ఇన్ని సుద్దులు చెప్పే మనిషి మధ్యాహ్నం తానేం తింటుందని ఎవరూ అడగలేదు. అడిగితే తెలిసేది, ఏమీ తినదని. దుకాణంలో కాజాలు కుట్టే ముసలావిడ ఒకరుంది, అందరికీ ఆవిడ కాజాల పెద్దమ్మ. ఒంటిగంట కాగానే పెద్దమ్మ డబ్బా విప్పుకుని, నేల మీద కాళ్ళు బారజాపుకుని, వేళ్ళు నాక్కుంటూ తృప్తిగా తింటుంది. టేపక్క కిటికీ దగ్గర నిలబడి మంచినీళ్ళు తాగుతుంది. "నువ్వు తాగే నీళ్ళల్లో కనీసం ఉప్పన్నా వేసుకోవే" అంటుంది పెద్దమ్మ.

ఇంట్లోనూ అంతే. భర్తకూ కూతురికీ వడ్డించి, "నాకు ఆకలి లేదు" అంటుంది. వాళ్ళు లేచి వెళ్ళాక గిన్నెలు తోముతూ, గరిటెకు అంటుకున్నదీ, అడుగంటినదీ, కూతురు వదిలేసినదీ నిలబడి గబగబా నోట్లో కుక్కుకుంటుంది. దొంగతనం చేస్తున్నట్టు ఒక చెవి తలుపు వైపే ఉంటుంది. అయ్యాక తన మీద తనకే అసహ్యం వేస్తుంది. ఆ అసహ్యంతో మర్నాడు మళ్ళీ నోరు కట్టేసుకుంటుంది. ఇలా పదహారేళ్ళు నడిచింది. ఈవిడ తిండి ఈవిడే తినడానికి ఇంత దొంగ బతుకు దేనికో నాకైతే అర్థం కాదు. అర్థం కావాలంటే మాస్టరు సంగతి చెప్పాలి.

పంతొమ్మిదేళ్ళప్పుడు పెద్ద బజారులో ఒక మాస్టరు దగ్గర పని నేర్చుకుంది. మాస్టరు ఏ కొత్త మోడలు కోసినా ముందు ఈమెకు తొడిగి చూసేవాడు. "ఈ పిల్లకు గోనెసంచి తొడిగినా అమ్ముడుపోతుంది" అనేవాడు. ఆ పిల్ల పొంగిపోయింది. పొంగిపోదూ మరి, అప్పటిదాకా ఎవరూ దేనికీ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఒక ఆకుపచ్చ గౌను మరీ నప్పిందని మాస్టరు దాన్ని ఆమెకే ఇచ్చేశాడు. తర్వాత పెళ్ళయింది, కూతురు పుట్టింది. ఆర్నెల్ల తర్వాత పనికి వెళ్తే, మాస్టరు అలవాటుగా ఒక కొత్త గౌను చేతికిచ్చి వేసుకు రమ్మన్నాడు. వెనక హుక్కు పడలేదు. మాస్టరు ఒక్క మాట కూడా అనలేదు. గౌను వెనక్కి తీసుకుని, పక్క మిషను మీదున్న అమ్మాయిని పిలిచాడు.

అంతే జరిగింది. తిట్టినా బాగుండేది, తిరిగి నాలుగు తిట్టుకుని మర్చిపోయేది. ఆ రోజు ఇంటికొచ్చి ఆకుపచ్చ గౌనును పెట్టె అడుగున దాచింది. అప్పట్నించీ ఏటా ఒకసారి మంచి బట్ట కొని, ఆ గౌను ఆదికే తనకు కోసుకుంటుంది. రెండు నెలలు కడుపు కట్టుకుంటే ఇది పట్టేస్తుంది అనుకుంటుంది. ఏ ఏడూ పట్టలేదు. పెట్టెలో పదహారు గౌన్లున్నాయి, ఒక్కదానికీ చెమట వాసన అంటలేదు. ఒంటి మీదకి మాత్రం మిగిలిన గుడ్డలతో కుట్టుకున్న రెండు ముదురు రంగు గౌన్లు, వంతులవారీగా.

కూతురికి ఇప్పుడు పదహారు దాటాయి. కాలేజీలో పాడుతుంది. ఇంకో ఇరవై రోజుల్లో కాలేజీ సభ, పాట బృందంలో ఆమెకు ముందు వరసలో చోటిచ్చారు. ఒక సాయంత్రం కొత్త బట్ట చంకలో పెట్టుకుని దుకాణానికి వచ్చింది. బల్ల మీద బట్ట పెట్టి, దాని మీద ఆకుపచ్చ గౌను పరిచింది.

"అమ్మా, నాకు దీని ఆదికి కుట్టు."

టేపక్క చెయ్యి మిషను చక్రం మీదే ఆగిపోయింది. "అది నాది కదే."

"తెలుసు. పెట్టెలోంచి తీశా. ఇప్పుడైతే పట్టదులే. ఈ ఇరవై రోజులూ నోరు కట్టేసుకుంటే అదే పట్టేస్తుంది. ముందు వరసలో నేనొక్కదాన్నే లావుగా ఉన్నానమ్మా."

లావూ లేదు, పాడూ లేదు. ఎదిగే పిల్ల ఎలా ఉండాలో అలాగే ఉంది. టేపక్క మెడలోని టేపు తీసింది. "పాత ఆదికి నేను కొయ్యనని తెలుసుగా. రా, కొలత తీస్తాను."

"నీకు నువ్వు ఏటా కోసుకుంటావుగా."

వెటకారంగా అని ఉంటే చెయ్యి చేసుకునేదేమో. పిల్ల చాలా మామూలుగా అంది, ఇక నా వంతు వచ్చింది అన్నట్టు. టేపక్క బట్ట తీసి అల్మరాలో పెట్టింది. "చూద్దాంలే" అంది.

ఆ రాత్రి నుంచే ఇంట్లో రెండు కంచాలు వెలవెలబోయాయి. "తిను తల్లీ" అంటే, "నువ్వు తిన్నావా?" అని పిల్ల అడిగింది. "నాకు ఆకలి లేదు." "నాకూ లేదు." అంటూ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. అది అచ్చంగా టేపక్క చెయ్యి పెట్టే తీరే, చిటికెన వేలు కాస్త పైకి లేపి. బస్సు డ్రైవరైన భర్త ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఈ ఇంట్లో తిండిపోతును నేనొక్కణ్ణేనా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చివరికి ఆయన కూడా సగంలో లేచాడు.

టేపక్క చిలక్కి చెప్పినట్టు చెప్పింది. బతిమాలింది. ఒకరోజు కసిరింది. పిల్ల దేనికీ ఎదురు చెప్పలేదు, తిననూ లేదు. ఆరో రోజు మధ్యాహ్నం కాలేజీ నుంచి దుకాణానికి వస్తూ కళ్ళు తిరిగి మేడమెట్ల మీద కూలబడింది. కాజాల పెద్దమ్మ మొహాన నీళ్ళు చల్లి, తన డబ్బాలో మిగిలిన నాలుగు ముద్దలు బలవంతాన తినిపించి ఇంటికి పంపేసింది. టేపక్క కోత బల్ల పట్టుకుని ఏడ్చింది. "నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా నా మాట వినడం లేదు పెద్దమ్మా" అంది.

పెద్దమ్మ సూదిలోకి దారం ఎక్కించుకుంటూ తలెత్తకుండానే అంది. "గౌను పట్టుకొచ్చిందని ఏడుస్తున్నావు గానీ, దానికి ఆది నువ్వేనే పిల్లా."

టేపక్క ఆ సాయంత్రం ఒక్క బట్ట కూడా కొయ్యలేదు.

మర్నాడు సెలవు. వంటింటి పక్కన బల్లకు మూడు కుర్చీలున్నాయి గానీ, మూడోదాని మీద ఎప్పుడూ ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టల గుట్టే ఉండేది. టేపక్క ఆ గుట్టను ఎత్తి మంచం మీద పడేసింది. కుర్చీలో కూర్చుని, కంచం పెట్టుకుని, నిండుగా వడ్డించుకుంది. భర్తా కూతురూ చూస్తున్నారు. మొదటి ముద్ద గొంతు దిగలేదు. మాస్టరు ఎదురుగా నిలబడి చేతిలో గౌను పట్టుకున్నట్టే ఉంది. లేచి సింకు దగ్గరికి పోయి అక్కడ నిలబడి తినేయాలని ఎంతగానో అనిపించింది. నీళ్ళు తాగి అక్కడే కూర్చుంది. చల్లారిపోయినా కంచం ఖాళీ చేసింది. పిల్ల కూడా ఏదో కెలికింది, రెండు మూడు ముద్దలకు మించదు. టేపక్క చూసీ చూడనట్టు ఊరుకుంది.

చెయ్యి కడుక్కుని వచ్చి, టేపు కూతురికి ఇచ్చింది. "నన్ను కొలువు."

"నేనా?"

"తిన్నాను కదా, ఇప్పుడే కొలవాలి. పైకి చదువు."

పిల్ల టేపు తిప్పి గట్టిగా లాగింది. తల్లి మీద జాలితోనే లాగింది, రెండంగుళాలైనా తగ్గిద్దామని. "అలా బిగించకు, రెండు వేళ్ళు లోపల పెట్టు" అంది టేపక్క. పిల్ల వేళ్ళు పెట్టింది. అంకె గొణిగింది. "సరిగ్గా చదువు" అంది తల్లి. పిల్ల చదివింది. పక్క గదిలోంచి ఆయన, "నన్ను కూడా కొలవండి, నేనే గెలుస్తాను" అంటూ చొక్కా పైకెత్తి పొట్ట నిమురుకుంటూ వచ్చాడు. పిల్లకు నవ్వాగలేదు. టేపక్క కూడా నవ్వింది, కళ్ళనిండా నీళ్ళతో. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, వాటి వెనకే పెద్ద బరువు దింపినంత అలసట వచ్చింది. పదహారేళ్ళు దాక్కున్న అంకె అది. చదవడానికి ఒక్క క్షణం పట్టింది.

కొలతల పుస్తకంలో ఊరందరికీ పేజీలున్నాయి, ఆవిడకు లేదు. పిల్లే కొత్త పేజీ తీసి పైన "అమ్మ" అని రాసి, అంకెలు దించింది.

ఆ వారమే టేపక్క పెట్టె తెరిచి రెండు గౌన్ల కుట్లు విప్పి, రెండూ కలిపి ఒకటి కుట్టుకుంది. ముందూ వెనకా నీలం, పక్కలు గోధుమ రంగు. అది వేసుకుని వస్తే పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "నువ్వు ఇంత తెల్లగా ఉంటావా" అంది. ఆకుపచ్చ గౌను మిషను మీద దుమ్ము పడకుండా కప్పే గుడ్డ అయింది. అలాగని అన్నీ సర్దుకున్నాయని చెప్పను. ఒంటిగంటకు పెద్దమ్మ పక్కన కూర్చుని డబ్బా విప్పుతుంది, కానీ కొన్ని రోజులు ఆ చెయ్యి తనంతట తానే డబ్బా మీద అడ్డం పడుతుంది. గమనించిన రోజు తీసేస్తుంది. గమనించని రోజూ ఉంటుంది.

పిల్ల మాత్రం గౌను సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఒక పూట తినేది, ఒక పూట కెలికి లేచేది. బట్ట అల్మరాలో అలాగే ఉంది. సభ ఇంక నాలుగు రోజులే. "నాకు కాజాలకే ఒక పూట పడుతుంది, మీ పిల్లకు చెప్పవే" అంది పెద్దమ్మ. టేపక్క కంటి కొలతకే కోసేయగలదు, ఆ కన్ను ఎప్పుడూ తప్పలేదు. అయినా కత్తెర ముట్టలేదు. "రానీ పెద్దమ్మా" అంది. పైకి అంత నిబ్బరంగా అంది గానీ, మెట్ల మీద ఎవరి అడుగు చప్పుడైనా మిషను ఆపేది.

మర్నాడు రెండు గంటలప్పుడు పిల్ల వచ్చింది. ఎప్పటిలా తోసుకుని లోపలికి రాలేదు. కొలతలకొచ్చినవాళ్ళు నిలబడే చోట, అద్దం ముందు నిలబడింది. అట్టముక్క వైపు ఒకసారి చూసింది.

"తినే వచ్చాను" అంది.

ఏం తిన్నావని గానీ, ఎంత తిన్నావని గానీ టేపక్క అడగలేదు. పెద్దమ్మ ఏదో అనబోతే కళ్ళతోనే ఆపింది. మెడలోంచి టేపు తీసి కూతురి ముందుకు వచ్చింది.

"అంకె చదవక్కర్లేదు. లూజు మాత్రం సరిగ్గా పెట్టమ్మా" అంది పిల్ల చేతులు పక్కలకు చాపుతూ. "పాడేటప్పుడు ఊపిరి తీసుకోవాలి."

టేపక్క టేపు చుట్టి, కింద రెండు వేళ్ళు దూర్చింది. కొంచెం ఆగి, మూడోది కూడా దూర్చింది.