నల్ల రిమ్ముల సంబంధం

ఆ రోజుల్లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం దొరికిన ప్రతివాడికీ ఏదో ఒక పిచ్చి పట్టేది. కొందరికి కెమెరా, కొందరికి గిటారు, నాకు గేర్ల సైకిలు. ఆఫీసులో పక్క టీము అమ్మాయి ఆదివారాలు సైకిలు తొక్కుతుందని తెలిశాక పట్టిన పిచ్చి అది (అంతకుముందు పాల పాకెట్టుకి వీధి చివరిదాకా వెళ్ళమన్నా విసుక్కునేవాణ్ణి). సెకండ్ హ్యాండులో కొన్న నా సైకిలుకి డిస్కు బ్రేకులు పెట్టించాలని, దానికి తగిన రిమ్ములు ఎంచడానికి సాయం రమ్మని ఆమెను అడిగాను. "వస్తా తియ్" అంది. ఆ ఒక్క మాటతో ఆ వారమంతా గడిచిపోయింది.

శనివారం సాయంత్రాలు రాణీగంజ్ దుకాణాల్లో తిరిగేవాళ్ళం. నిజానికి తేల్చడానికి పది నిమిషాలు చాలు. మామూలు రిమ్ముకి బ్రేకు రబ్బరు పట్టుకోవడానికి పక్కల నున్నటి మెరుపు పట్టీ ఉంటుంది. డిస్కు బ్రేకు చక్రం మధ్యనున్న రేకును పట్టుకుంటుంది కాబట్టి ఆ పట్టీ అక్కర్లేదు, నల్లరంగేసిన తేలికపాటి రిమ్ము చాలు. ఈ సంగతి నాకు మొదటివారమే అర్థమైంది, అర్థం కానట్టు ఉండటానికే నానా తంటాలు పడ్డాను. ఒకటి వెడల్పు చాలదన్నాను, ఇంకొకటి బరువన్నాను. ప్రతి అభ్యంతరం తర్వాతా ఇద్దరం ఇరానీ చాయ్ తాగేవాళ్ళం. చివరికి ఒకరోజు ఆమె కప్పు కిందపెట్టి, "రిమ్ము చూస్తున్నవా, పెండ్లి సంబంధం చూస్తున్నవా?" అంది. జవాబు నోటిదాకా వచ్చింది. చాయ్‌తోపాటు మింగేశాను.

అలా మింగుతుండగానే ఆమెకు పుణె బదిలీ అయింది. వెళ్ళేముందు, దసరా మర్నాడు ఆదివారం, ఆఖరిసారి ఆఫీసు సైకిలు జట్టు అందరం నేరేడ్‌మెట్ వైపు తొక్కుదామన్నారు. ఆ రోజు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేను. పరుగున వెళ్ళి నల్ల రిమ్ములు కొని, డిస్కులు బిగించి, లాలాగూడలో మా వరండాలో సైకిలు నిలబెట్టాను. మా అమ్మది విజయనగరం వైపు. రైల్వే వర్కుషాపులో పనిచేసే నాన్న పనిముట్లకు ఏటా ఆయుధపూజ చేసి చేసి చెయ్యి తిరిగినావిడ. ఇనుముకి ముందు నువ్వుల నూనె, ఆపైన పసుపు, కుంకుమ, ఇదీ మా ఇంటి పద్ధతి. సైకిలు మొత్తంలో తళతళలాడుతున్నవి డిస్కు రేకులే కాబట్టి, ఆవిడ భక్తంతా వాటికే పట్టించింది. పొద్దున్నే చూసి గుడ్డ తీసుకోబోతే, "పండగ బొట్టు తుడవకూడదురా బాబూ, అలాగే వెళ్ళు" అంది. దారిలో బ్రేకు సరిగా పట్టడం లేదని తెలుస్తూనే ఉంది. కానీ కొత్త బ్రేకులు కాస్త అరిగితేగాని పట్టవని ఇంటర్నెట్లో చదివిన పండితుణ్ణి కదా, లెక్కచేయలేదు.

నేరేడ్‌మెట్ వాలు కింద, చాయ్ బండి పక్కన, ఆమె అందరికంటే ముందొచ్చి ఒక్కర్తే నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యెత్తింది. ఆగి, దిగి, చెప్పాల్సిన మాట నాలుక చివరనే ఉంది. బ్రేకు నొక్కాను. రెండూ కలిపి నొక్కాను. పసుపు కాలిన వాసన వచ్చింది గాని సైకిలు ఆగలేదు. పసుపు కుంకుమలతో ఆమె ముందునుంచే దూసుకుపోయాను, పైగా మర్యాదకి చెయ్యి కూడా ఊపాను. బూట్లు నేలకు రాస్తూ ఎక్కడో ఆగి, సైకిలు తోసుకుంటూ వెనక్కొచ్చేసరికి మిగతావాళ్ళంతా చేరిపోయారు.

"గంత జల్దీ ఏముండె? ఒక్క మాట చెప్పాలని నిలబడ్డ" అంది మెల్లగా.

"ఇప్పుడు చెప్పు" అన్నాను.

"ఇప్పుడెట్ల? అందరున్నరు కద."

పుణె నుంచి కొన్నాళ్ళు మెయిళ్ళు వచ్చాయి. ఆ మాట వాటిలో లేదు, అడిగే ధైర్యం నాకూ లేదు. ఏమై ఉంటుందా అని బేగంపేట సిగ్నల్లో కారాపినప్పుడల్లా ఇప్పటికీ అనుకుంటాను. ఆ శనివారాలు గుర్తొస్తే ప్రాణం లాగుతుంది.

మొన్న దసరాకి అమ్మ కారుకి బొట్టు పెడుతుంటే, ఆనాడు సైకిలుకి పెడుతూ ఏం మొక్కుకున్నావని అడిగాను.

"నీకు నచ్చిన పిల్ల దారిలో ఎదురుపడాలని" అంది.

ఎదురుపడింది కదా, అమ్మవారిని అనడానికేం లేదు. నాలో నేను నవ్వుకుని, చక్రాల కింద నిమ్మకాయలు నేనే పెట్టాను.